నేపథ్యం గడిలో మా అడవి

ఏడో తరగతిలో ఒకనాడు నల్లబల్ల మీద ఐదు గళ్ల పట్టిక గీశాను. ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, సందేశం. తెలిసిన కథ ఏదైనా తీసుకుని గళ్లు నింపమన్నాను. ఒక కోయ పిల్ల సమ్మక్క కథ తీసుకుంది. పాత్రల గడిలో వరుసగా రాసింది: సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గోవిందరాజు, జంపన్న, వాగు, చిలకలగుట్ట.

నేను ఎర్ర పెన్ను తీసి చివరి రెండూ కొట్టేశాను. పక్కన 'నేపథ్యం' అని రాశాను. ఆ పిల్ల నోటుపుస్తకం తీసుకుని నిలబడే ఉంది. "సార్, జంపన్న దూకినంక సంపెంగ వాగు పేరు మారింది గదా. పేరున్నది గూడ పాత్ర గాదా?" అని అడిగింది. పరీక్షలో ఇట్లా రాస్తే మార్కు రాదని చెప్పి కూర్చోబెట్టాను.

నేనూ కోయవాడినే. మేడారం పోయిన ప్రతిసారీ ముందు ఆ వాగులో మునిగి, తర్వాతే గద్దెల దగ్గరికి వెళ్లినవాడిని. సమ్మక్క చిలకలగుట్ట నుంచే గద్దెకు వస్తుందని, ఆ గుట్ట కదిలితేనే జాతర కదులుతుందని చిన్నప్పటి నుంచి చూసినవాడిని. అయినా నా చెయ్యి వాగును కొట్టేసింది. ఆ చేతికి ఎవరు నేర్పారు? ఈ వ్యాసంలో నా వాదమంతా ఆ ప్రశ్న గురించే.

టీటీసీ చదివే రోజుల్లో మాకు పాఠ్య పథకం రాయడం నేర్పారు. కథ అయినా నాటకం అయినా ఆ ఐదు గళ్లే. పట్టిక మీద నాకు కోపం లేదు. పనిముట్టు పనిముట్టే. గొడ్డలి చెట్టునూ కొడుతుంది, దారినీ తీస్తుంది. అయితే ఈ పనిముట్టును ఎవరు, ఏ పని కోసం చేశారో అడగకుండా చేతికి తీసుకున్నాం. అక్కడే పొరపాటు జరిగింది.

పాత సంగతి ఒకటి చూడండి. మన దేశంలో నాటకాన్ని విడదీసి చూడడానికి దశరూపకం మూడు మాటలు చెప్పింది: వస్తువు, నేత, రసం. నాటకానికి నేత ప్రసిద్ధుడైన రాజో దివ్యుడో కావాలి. మరి అడవిలో ఉన్నవాడి సంగతి? భరతుడి నాట్యశాస్త్రం శబరుల మాటను, వనచరుల మాటను విభాషల లెక్కలో వేసింది. అంటే తక్కువ రకం మాట. రాజు సంస్కృతం మాట్లాడతాడు, అడవివాడు విభాష మాట్లాడతాడు. రంగస్థలం మీద మనకు ఇచ్చిన మొదటి చోటు అది. ఇప్పుడు తెలుగు సినిమాలో ఆదివాసి పాత్ర "దొరా దొరా" అంటూ మాట్లాడే మాట చూడండి. అది కోయ కాదు, గోండి కాదు, కువి కాదు, సవర కాదు. ఏజెన్సీ ఊళ్లలో మేం మాట్లాడే తెలుగు కూడా కాదు. ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని మాట. అది నేటి విభాష. కథ చదివేటప్పుడు 'సంభాషణలు పాత్రోచితంగా ఉన్నాయి' అని గైడులో ఉన్న వాక్యం రాసే ముందు, ఆ పాత్ర మాట్లాడేది ఏ భాష అని ఒక్కసారి అడిగితే చాలు, సగం కథలు అక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు నేపథ్యం గడికి వస్తాను. మన మీద జరిగే అసలు అన్యాయం ఆ గడిలోనే ఉంది.

గోపీనాథ్ మహంతి ఒడియాలో రాసిన 'పరజా' నవల 1945లో వచ్చింది. కొరాపుట్ కొండల్లో సుక్రు జాని అనే పరజా రైతు, అతని ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ల కథ. ఆ కొండలు మన ఏజెన్సీకి ఆనుకునే ఉంటాయి. పొర్జ పేరుతో ఆ జనం ఆంధ్ర వైపు కూడా ఉన్నారు. ఈ నవల గురించి ఎవరైనా మాట్లాడితే సాధారణంగా వినిపించే మాటలు రెండు. ఒకటి, అమాయక గిరిజనుల దోపిడీ. రెండు, అడవి అందాల వర్ణన. అంటే ఇతివృత్తం గడిలో అమాయకత్వం, నేపథ్యం గడిలో అడవి.

కథను మెట్టు మెట్టుగా విప్పి చూడండి. సుక్రు జాని కొత్తగా పొలం చేసుకోవడానికి అడవిలో కొంత నేల చదును చేయాలనుకుంటాడు. ఊరికే చెయ్యడు. ఫారెస్టు గార్డును అడిగి, అతని చేతిలో పెట్టాల్సింది పెట్టి మొదలుపెడతాడు. ఆ గార్డు కన్ను సుక్రు పెద్ద కూతురు జిలి మీద పడుతుంది. అక్కడ ఎదురుదెబ్బ తగలగానే, తాను ఒప్పుకున్న పనినే నేరంగా చూపిస్తాడు. జరిమానా పడుతుంది. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు. అప్పు తీర్చడానికి గోతి, అంటే వెట్టి. తర్వాత పొలం తాకట్టు. ఇచ్చిన పొలం షావుకారు తిరిగి ఇవ్వడు. చివర గొడ్డలి లేస్తుంది, షావుకారు చస్తాడు, వాళ్లు తమంతట తాము పోలీసుల దగ్గరికి నడిచి వెళ్తారు.

ఇందులో అమాయకత్వం ఎక్కడుంది? సుక్రు అనుమతి అడిగాడు. లంచం ఎంత అవసరమో లెక్క కట్టాడు. తీర్చాల్సిన అప్పుకు ఒళ్లు ఇచ్చాడు. అతనికి లేనిది తెలివి కాదు, అడవి మీద హక్కు. తాతల నాటి నేలను చదును చేయడం ఒక చట్టం ప్రకారం నేరమైంది. ఆ చట్టం లేకపోతే జరిమానా లేదు, అప్పు లేదు, గోతి లేదు, గొడ్డలి లేదు. మొత్తం కథను నడిపింది అడవే. అడవి ఎవరిది అన్న తగవే. దాన్ని తీసుకుపోయి నేపథ్యం గడిలో పెట్టి, వర్ణనలు మనోహరంగా ఉన్నాయని రాస్తే, ఆ పాఠకుడు నవల చదవనట్టే.

మన దగ్గరి చరిత్రా అదే చెబుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద పడిన ఆంక్షలు లేకుండా 1922 మన్యం తిరుగుబాటును అర్థం చేసుకోలేం. అడవిలో సాగు మీద నిజాం అధికారుల జులుం లేకుండా 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ఎందుకు చనిపోయాడో చెప్పలేం. ఈనాటి ఏజెన్సీ కథలో భూమి ఎవరి పేరు మీద ఉంది, ఎవరు దున్నుతున్నారు, 1/70 చట్టానికి దొరక్కుండా బినామీ ఎట్లా నడుస్తోంది అన్నది తెలియనివాడు ఆ కథలోని సంఘర్షణ గడి నింపలేడు. నింపినా 'మంచికి, చెడుకు మధ్య' అని నింపుతాడు.

ఇది రాజకీయం, సాహిత్య విశ్లేషణ కాదు అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నా జవాబు చిన్నది. కథలో ఒక సంఘటన తర్వాత మరొకటి ఎందుకు జరిగిందో చెప్పడమే కథానిర్మాణ విశ్లేషణ అని మీరే నేర్పారు. సుక్రు జాని ఎందుకు అప్పు చేశాడు అంటే జవాబు అటవీ చట్టం. ఆ కారణాన్ని వదిలేస్తే పోయేది రాజకీయం కాదు, కథానిర్మాణమే.

ఈ గడి బడిలో ఆగిపోతే ఇంత రాసేవాడిని కాదు. నాటకం వేసేవాళ్లకు తెలుసు, అంకం మారినప్పుడు వెనక తెర మారుస్తారు. రాజసభ తెర చుట్టేసి అడవి తెర దించుతారు. పాత్రధారులు వాళ్లే ఉంటారు. నేపథ్యం అంటే మార్చడానికి వీలైనది. పోలవరం ముంపు ఊళ్ల విషయంలో జరుగుతున్నది ఇదే ఆలోచన. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలను గీత మార్చి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఊరు ముంచి, ఇంకెక్కడో కాలనీ కట్టి, మనుషుల్ని అక్కడికి తరలిస్తే సరిపోతుందని లెక్క. పాత్రలు భద్రంగా ఉన్నాయి, తెర మారింది, అంతే కదా! వేల్పు కొలువున్న చెట్టు, చచ్చిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు, పేరున్న గుట్ట ఆ లెక్కలోకి రావు. వాటిని ఎవరూ పాత్రలు అనుకోరు కనుక. నా తరగతిలో ఆ పిల్ల రాసిన రెండు మాటలు కొట్టేసినప్పుడు నేను కూడా ఆ లెక్కనే నేర్పాను.

ఇక పాత్రల గడి.

2022లో వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్' సినిమా కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు. కల్పన హక్కును నేను కాదనను. పాత్రచిత్రణను ప్రశ్నించే హక్కు ప్రేక్షకుడికీ ఉంది. ఆ కథ చివర్లో, ఏం కావాలని రామరాజు అడిగితే భీం తన జనానికి చదువు కావాలంటాడు. నాలాంటి పంతులుకు ఆ మాట విని సంతోషం కలగాలి. కలగలేదు. ఎందుకంటే అసలు కొమురం భీం గురించి చెప్పుకునే జీవిత కథల్లో అతను చదవడం, రాయడం నేర్చుకున్నవాడు. ఊరు వదిలి చంద్రాపూర్ వైపు వెళ్లి, అచ్చు పని చేసే విఠోబా దగ్గర అక్షరాలు నేర్చాడని, అస్సాం తేయాకు తోటల్లో పనిచేశాడని చెబుతారు. అన్నీ చూసి వచ్చినవాడు కనుకే దరఖాస్తులు, కోర్టులు, అధికారులు ఎట్లా పనిచేస్తాయో ఎరిగి, చివరికి తుపాకి పట్టాడు. ఇద్దరు వీరుల్ని పక్కపక్కన నిలబెట్టినప్పుడు, చదువు ఒకరి చేతిలో పెట్టి, అడగడం మరొకరి నోట్లో పెట్టారు. ఒక కొండంత మనిషిని పులితో పోరాడించడం సులువు. అదే మనిషిని ఒక కాగితం చదువుతుండగా చూపించడం కష్టం. మన గురించి రాసేవాళ్లకూ తీసేవాళ్లకూ ఆ కష్టం అలవాటు లేదు.

ఇట్లాంటిదే మరొకటి, చెంచులక్ష్మి కథ. వీధినాటకంగా, యక్షగానంగా, 1943లో ఒకసారి, 1958లో మరోసారి సినిమాగా తెలుగువాళ్లు ఆనందించిన కథ. వేదిక మీద చెంచిత అంటే ఈకలు, విల్లు, వయ్యారం, హాస్యం. రసం గడిలో శృంగారం అని రాసేస్తాం. అహోబిలం చుట్టూ ఉన్న చెంచులు ఇదే కథను చెప్పుకునేటప్పుడు నరసింహస్వామి వాళ్ల అల్లుడు. పిల్లనడిగి వచ్చినవాడు, తమకు మర్యాద చెయ్యాల్సినవాడు. పారువేట ఉత్సవంలో స్వామే ఊళ్లు తిరిగి పెళ్లికి పిలుస్తాడు. సంఘటనలు అవే, పాత్రలు అవే. చెప్పేవాడు మారితే ఇతివృత్తం మారిపోయింది. ఒకచోట దేవుడి లీల, ఇంకోచోట వియ్యపు మర్యాద. పట్టికలో ఆరో గడి ఒకటి ఉండాలి కదా: ఎవరు చెబుతున్నారు? ఆ గడి లేని పట్టిక మన కథలకు ఎప్పుడూ తప్పు జవాబే ఇస్తుంది.

ఈ మాట నాకంటే గట్టిగా చెప్పిన కథ ఒకటుంది. మహాశ్వేతాదేవి బెంగాలీలో రాసిన 'ద్రౌపది'. 'అగ్నిగర్భ' సంపుటిలో 1978లో వచ్చింది. సంతాల్ స్త్రీ దోప్ది మెజెన్‌ను సైన్యం వేటాడే కథ. అందులో ఆమె భర్త దుల్నా చనిపోతూ ఒక కేక వేస్తాడు. ఆ కేకకు అర్థమేమిటో సైన్యానికి అంతుబట్టదు. కలకత్తా నుంచి ఇద్దరు ఆదివాసి నిపుణుల్ని రప్పిస్తారు. వాళ్లు నిఘంటువులు ముందేసుకుని చెమటలు కక్కుతారు. చివరికి క్యాంపులో నీళ్లు మోసే చమ్రూను పిలుస్తారు. అతను నిపుణుల్ని చూసి నవ్వి, అది మాల్దా సంతాలులు పోరులో వేసిన కేక అని చెప్పేస్తాడు. ఆ సైన్యాధికారి సేనానాయక్ మూర్ఖుడు కాడు. పుస్తకాలు చదివినవాడు, శత్రువును అర్థం చేసుకోవాలని సిద్ధాంతం చెప్పేవాడు. బాగా చదువుకున్న విశ్లేషకుడే బాగా వేటాడగలడని మహాశ్వేతాదేవి చూపించారు. చివర్లో చెరచబడిన ఆ స్త్రీ గుడ్డ కట్టుకోనని అతని ఎదుట నిలబడినప్పుడు, అతని దగ్గర ఉన్న ఏ గడిలోనూ ఆమె పట్టదు. మొదటిసారి అతనికి భయం వేస్తుంది.

ఈ కథను ఢిల్లీ విశ్వవిద్యాలయం 2021లో ఇంగ్లీషు ఆనర్స్ పాఠ్యాంశాల నుంచి తీసేసింది. తీసేసిన వాళ్లు కథను సరిగ్గానే చదివారేమో అనిపిస్తుంది నాకు.

ఇంతవరకు బయటివాళ్లను అన్నాను. ఇప్పుడు మన ఇంటి మాట.

మనలో కొందరు మిత్రులు అంటారు: మన కథకు విశ్లేషణ ఎందుకు, అది నమ్మకం, అది కొలుపు, దాన్ని గళ్లలో పెట్టడమే తప్పు అని. ఈ మాట వినడానికి గౌరవంగా ఉంటుంది గానీ, నిజం కాదు. డోలీ పడిగె విప్పి వేల్పు కథ పాడేటప్పుడు చూసినవాళ్లకు తెలుసు. గుడ్డ మీద బొమ్మల వరుస ఉంటుంది. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ, ఏ గట్టుకు ఏ వేల్పు అన్న లెక్క ఉంటుంది. ఒక గొలుసు తప్పితే కూర్చున్న పెద్దలు ఊరుకోరు. "ఆగు, అది ముందు కాదు, తర్వాత" అంటారు. ఎందుకు తర్వాతో కూడా చెబుతారు. అది కథానిర్మాణ చర్చ కాకపోతే ఏమిటి? 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య అక్షరం రాయకుండా అంత కథను ఎట్లా మోశాడు? వరుస, పునరుక్తి, ఎత్తుగడ, ముగింపు ఒంటికి పట్టి ఉండబట్టే. గోండుల పెర్సాపేన్ కథను కిక్రి మీద పాడే ప్రధాన్‌లదీ అదే విద్య. విశ్లేషణ మనకు బయటి నుంచి రాలేదు. బయటి నుంచి వచ్చింది ఐదు గళ్లు మాత్రమే.

మన రచయితల మీద కూడా ఒక ఫిర్యాదు. ఈమధ్య మనం రాసే కథల్లో షావుకారుకు ముఖం ఉండదు, నవ్వు ఉండదు, ఇల్లు ఉండదు. మన మనిషికి తప్పు ఉండదు. సారా ప్యాకెట్టు ఊళ్లోకి తెచ్చిన మనవాడు, బినామీకి సంతకం పెట్టిన మన సర్పంచు, కూతుర్ని చదువు మాన్పించిన మన తండ్రి కథలోకి రారు. చివరి పేజీలో ఒకరు లేచి ఉపన్యాసం ఇస్తారు. ఇది సందేశం గడి కోసం రాసిన కథ. మనల్ని కొలిచిన పట్టికతోనే మనం కథలు కొలిచి కుడుతున్నాం. గోపీనాథ్ మహంతి ఆదివాసి కాదు, ప్రభుత్వ అధికారి. అయినా సుక్రు జాని తప్పుల్ని, అతని కొడుకు దొంగసారా కాచిన సంగతిని దాచలేదు. అందుకే ఆ మనుషులు డెబ్బై, ఎనభై ఏళ్ల తర్వాత కూడా బతికి ఉన్నారు. పుట్టుక ఒక్కటే మంచి కథ రాయించదు. నేనూ కోయవాడినే కదా, వాగును కొట్టేసింది నేనే.

తోటి పంతుళ్లను నేను కోరేది పెద్ద పనేమీ కాదు. పట్టికను చింపనక్కర్లేదు. గళ్ల మధ్య గీతల్ని పెన్సిలుతో గీయండి, తుడవడానికి వీలుగా. కథ చెప్పగానే పిల్లల్ని ఈ ప్రశ్నలు అడగండి. ఈ కథ ఎవరు చెబుతున్నారు? ఆ మనిషి ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు, కథలో ఏ భాష మాట్లాడుతున్నాడు? కథలో ఏది తీసేస్తే కథ ఆగిపోతుంది? మనిషైనా, వాగైనా, కాగితమైనా, అదే పాత్ర. అమాయకుడు అని రాసిన చోటల్లా, అతనికి తెలియనిది ఏమిటి, అతనికి ఇవ్వనిది ఏమిటి అని రెండుగా విడదీయండి. ఇదే కథను మీ అవ్వ చెబితే ఎక్కడ మారుతుంది? ఈ చివరి ప్రశ్నకు పిల్లలు ఇంటికి వెళ్లి అడిగి రావాలి. అప్పుడు హోంవర్క్ అన్న మాటకు అర్థం వస్తుంది.

జవాబు పత్రాలు దిద్దేవాళ్లను, ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లను కూడా అడుగుతున్నాను. కీ పేపరులో లేని జవాబుకు కారణం రాసి ఉంటే ఆ కారణాన్ని చదవండి. కారణం నిలబడితే మార్కు ఇవ్వండి. మా పిల్లలకు ఈ ఒక్క మార్కు దయగా అక్కర్లేదు. వాళ్లు చదివిన చదువుకు అది కూలి.

ఆ పిల్ల మా బడి దాటి వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆ నోటుపుస్తకం మీద నా ఎర్ర గీత అట్లాగే ఉండి ఉంటుంది, లేదంటే పొయ్యిలోకి పోయి ఉంటుంది. ఈ ఏడాది మళ్లీ పట్టిక గీశాను. మళ్లీ ఎవరో ఒక పిల్లవాడు సమ్మక్క కథే తీసుకున్నాడు. పాత్రల గడిలో మనుషుల పేర్లే రాశాడు, పద్ధతిగా, గైడులో ఉన్నట్టు. దిద్దడానికి ఏమీ లేదు. ఎర్ర పెన్ను మూత పెట్టి, "జంపన్న ఎక్కడ దూకాడురా?" అని అడిగాను. "వాగుల, సార్" అన్నాడు.

"మరి వాగు పేరేది, నీ కాగితంలో?"